‘దేవునికే వదిలేయండి’ అనడం కూడా ఒక తీర్పే

ప్రశ్న: అయ్యా, వందనాలు. మాది రాజోలు దగ్గర ఒక చిన్న ఊరు. మా సంఘంలో నేను 12 ఏళ్లుగా పెద్దగా ఉన్నాను. మా సంఘస్థుడొకాయన రెండేళ్ల కిందట వీలునామా రాయకుండానే ప్రభువునందు నిద్రించారు. ఆయన స్వార్జితం ఎకరం ఇరవై సెంట్ల కొబ్బరితోట. ఆయనకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురు భర్త పోయాక ఇద్దరు పిల్లలతో వచ్చి తల్లి దగ్గరే ఉంటోంది. తోటను అన్నదమ్ములు చెరిసగం అనుభవిస్తున్నారు. తనకూ వాటా కావాలని ఆమె సంఘ పెద్దల ముందు పెట్టింది. మా గుడి శ్లాబుకు అయిన ఖర్చులో సగానికి పైగా ఇచ్చింది పెద్దకొడుకే. తండ్రి తోటను నోటిమాటగా కొడుకులకే ఇచ్చేశారని, కావాలంటే బైబిలు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తానని ఆయన అంటున్నారు. మా అయ్యగారు ‘తీర్పు తీర్చకుడి అని ప్రభువే చెప్పాడు, దేవునికే వదిలేయండి’ అంటున్నారు. తోటి పెద్ద ఒకరు, ఆమె కోర్టుకెక్కితే కొరింథీ పత్రిక ప్రకారం సంస్కారానికి (ప్రభు భోజనానికి) దూరంగా పెట్టాలంటున్నారు. మనుషులమైన మనం తీర్పు తీర్చవచ్చా? ఆమె కోర్టుకు వెళ్లడం పాపమా? ప్రమాణాన్ని ఒప్పుకోవచ్చా? ఇంకొక మాట: మొన్న క్రిస్మస్‌కు పెద్దకొడుకు మా ఇంటికి చక్కెరకేళి గెల పంపారు. అంతకుముందు ఎప్పుడూ పంపలేదు. – ఒక సంఘ పెద్ద

సమాధానం: మీకు వందనాలు. మీ ప్రశ్నల కన్నా ముందు, మీ అయ్యగారి సలహాను పాటిస్తే ఏమి జరుగుతుందో ఒక్కసారి ఆలోచించమని అడుగుతున్నాను. తోట ఇప్పుడు అన్నదమ్ముల స్వాధీనంలో ఉంది. దింపు తీయించినప్పుడల్లా కాయలమ్మిన డబ్బు వారికే చేరుతోంది. సంఘం చేతులు ముడుచుకుని కూర్చుంటే వచ్చే దింపూ వారిదే, ఆ పై దింపూ వారిదే. ‘దేవునికే వదిలేయండి’ అన్న మాట చెవికి భక్తిగా వినిపిస్తుంది గాని, ఇలాంటి తగవులో దాని ఫలితం ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వడమే. అంటే స్వాధీనంలో ఉన్నవారి పక్షాన, ఎదుటి మనిషి మాట వినకుండా, తీర్పు ఇచ్చేసినట్టే. అయ్యగారి ఉద్దేశం మంచిదే అయి ఉండవచ్చు. సంఘం చీలిపోతుందన్న భయంతో అలా అని ఉండవచ్చు. అయినా ఆ మాట వల్ల నష్టపోయేది మాత్రం ఆ చెల్లెలే.

తీర్పు తీర్చను అన్న మనిషి తీర్పు నుంచి తప్పించుకోలేడని లేఖనాలు రెండు చోట్ల చూపిస్తున్నాయి. పిలాతు సంగతి అందరికీ తెలిసిందే. నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్నా, ప్రభువును సిలువకు అప్పగించింది అతడే. రెండోది అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఉంది, మన ప్రసంగాల్లో అది తక్కువగా వినిపిస్తుంది. కొరింథులో గల్లియోను అధిపతిగా ఉండగా యూదులు పౌలును న్యాయపీఠం ఎదుటికి తీసుకువచ్చారు. ఇది మీ ధర్మశాస్త్రానికి సంబంధించిన వాదం, దీనికి నేను తీర్పరిగా ఉండనని అతడు వారిని పంపివేశాడు. అంతవరకు అతడు అన్నది సబబే. అయితే ఆ వెంటనే అదే న్యాయపీఠం ముందు సమాజమందిరపు అధికారి అయిన సొస్తెనేను పట్టుకుని కొట్టారు. గల్లియోను వీటిలో ఏదీ లక్ష్యపెట్టలేదని లూకా రాశాడు. తన కళ్లెదుట ఒక మనిషి దెబ్బలు తింటుంటే న్యాయాధిపతి పట్టించుకోకపోవడం తటస్థత కాదు. ఆ కొరింథు సంఘానికే పౌలు తరువాత వ్యాజ్యాలను గూర్చి రాశాడన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికి వస్తాను.

ఇక ‘మీరు తీర్పు తీర్చకుడి’ అన్న మత్తయి 7వ అధ్యాయపు మాట. ప్రభువు ఆ మాటతో ఆగలేదు. మొదట నీ కంటిలోని దూలాన్ని తీసివేసుకో, అప్పుడు నీ సహోదరుని కంటిలోని నలుసును తీయడానికి నీకు తేటగా కనబడుతుంది అన్నాడు. నలుసు ఉంటే ఉండనీ, కన్ను పోతే పోనీ అనలేదు. తీయవలసిందే, అయితే తేటగా కనబడే కన్నుతో తీయాలి. యోహాను 7:24లో ఆయనే ‘వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి’ అని చెప్పాడు. ఈ రెండు మాటలూ ఒకే నోట వచ్చినవి. మొదటిదాన్ని గోడ మీద రాసుకుని రెండోదాన్ని మరచిపోతే మనకు మిగిలేది సగం సువార్తే.

అలాగని ఈ రెండింటి మధ్య బిగువు లేదని నేననను. ఉంది, దాన్ని తేలికగా విప్పేయకూడదు. ‘పరుని సేవకునికి తీర్పు తీర్చుటకు నీవెవడవు’ అని రోమా పత్రికలో పౌలు గద్దిస్తాడు. ధర్మశాస్త్రం నియమించి న్యాయం విధించేవాడు ఒక్కడే అంటాడు యాకోబు. ప్రభువు వచ్చి హృదయాల్లోని ఆలోచనలను బయలుపరిచే వరకు దేన్ని గూర్చీ తీర్పు తీర్చవద్దని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. అదే పత్రిక రెండు అధ్యాయాలు దాటేసరికి, సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని సిగ్గుపరుస్తుంది. రాసిన చెయ్యి ఒకటే, చదివిన సంఘమూ ఒకటే. నాలుగో అధ్యాయంలో విషయం పౌలు, అపొల్లో వంటి సేవకుల యథార్థత, అంటే హృదయం. ఆరో అధ్యాయంలో విషయం ఈ లోకపు ఆస్తిపాస్తులు, అంటే ఒకరిది ఒకరు లాక్కోవడం. పెద్దకొడుకు దేవుని ఎదుట ఎలాంటి మనిషి, అతని కానుకల్లో ఎంత భక్తి ఉంది, ఎంత పేరాశ ఉంది అన్నది మీరు ముట్టుకోకూడని సంగతి. ఎకరం ఇరవై సెంట్లలో ఎవరికెంత రావాలి అన్నది మీరు తప్పించుకోకూడని సంగతి.

పొలం పని తెలిసిన మనకు, గోధుమల మధ్య మొలిచిన గురుగుల (కలుపు మొక్కల) ఉపమానం ఇక్కడ బాగా అర్థమవుతుంది. మన వరిచేలల్లో ఊద గడ్డి లేత దశలో వరిలాగే ఉంటుంది. ఏళ్ల తరబడి కలుపు తీసిన చెయ్యి కూడా ఒక్కోసారి తడబడి వరి మొక్కనే పీకేస్తుంది. వెన్ను తీశాక ఏది ఏదో చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కోతకాలం వరకు రెంటినీ ఎదగనివ్వమని యజమాని చెప్పింది మనుషులను వేళ్లతో సహా పెకలించే విషయంలో. ఆ పొలం లోకమని ప్రభువే విప్పి చెప్పాడు. గట్టు జరిపినవాడిని గట్టు జరిపావని అడగవద్దని ఆ ఉపమానం చెప్పదు. పొరుగువాని సరిహద్దు రాయిని తీసివేసేవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండం 27వ అధ్యాయంలో చెప్పినప్పుడు ప్రజలందరూ ‘ఆమేన్’ అనాలి. గుడిలో మనం రోజూ అనే ఆ మాటను అక్కడ గట్టు రాయి కోసం అనిపించారు.

మానవ న్యాయాధిపతులను లేఖనం ఎంత ఎత్తున కూర్చోబెడుతుందో, అంత దగ్గరగా నిలదీస్తుంది కూడా. మోషే ఒక్కడే పొద్దుటి నుంచి సాయంత్రం వరకు తగవులు తీరుస్తూ నలిగిపోతుంటే, మామ యిత్రో వచ్చి వెయ్యి మందికి, వంద మందికి, యాభై మందికి, పది మందికి పెద్దలను నియమించమన్నాడు. వారికి మోషే ఇచ్చిన ఆజ్ఞలో ‘న్యాయపుతీర్పు దేవునిదే’ అన్న మాట ఉంది. మీ అయ్యగారు ఈ మాటనే ‘కాబట్టి మీరు కూర్చోవద్దు’ అన్న అర్థంలో వాడుతున్నారు. మోషే చెప్పింది అందుకు సరిగ్గా ఎదురు: తీర్పు దేవునిది కాబట్టి మనిషి ముఖం చూసి భయపడవద్దు, అల్పుడి మాట, ఘనుడి మాట ఒకే విధంగా వినండి. 82వ కీర్తనలో దేవుడు న్యాయం తీర్చేవారిని ‘దైవములు’ అని పిలిచి, ఎంతకాలం అన్యాయంగా తీర్పు తీరుస్తారని అడిగి, ఇతర మనుషుల్లాగే మీరూ చనిపోతారని చెబుతాడు. అక్కడున్నది మనుషులా, పరలోకపు గణమా అని పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. నా మట్టుకు నేను ఆ కీర్తనను ఎప్పుడూ సంఘ పెద్దల కుర్చీల వంక చూస్తూనే చదువుతాను. బీదలకు, తలిదండ్రులు లేని పిల్లలకు న్యాయం తీర్చమని అందులో అడిగింది మనల్నే కదా.

మీకు ఒక అభ్యంతరం తోచవచ్చు. పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని నా సహోదరుడితో చెప్పు అని ఒకడు అడిగితే, ప్రభువే ‘మీమీద తీర్పరినిగానైనను పంచిపెట్టువానినిగానైనను నన్నెవడు నియమించెను’ అని తప్పుకున్నాడు గదా అని (లూకా 12). మీ తగవుకు ఇంతకన్నా దగ్గరి లేఖనం లేదు, అందుకే దీన్ని దాటి వెళ్లడం లేదు. ఆయన అడిగింది ‘ఎవడు నియమించెను’ అని. ఆయన వచ్చింది పంపకాలు చేయడానికి కాదు, ఆ పనికి అప్పటికే ఊళ్లలో పెద్దలున్నారు. మిమ్మల్ని మాత్రం మీ సంఘం నియమించింది. 12 ఏళ్లుగా ఆ పేరుతో ముందు వరుసలో కూర్చుంటున్నారు. ఆ తరువాత ప్రభువు చేసిన పని చూడండి: లోభాన్ని గూర్చి హెచ్చరించి, కొట్లు విప్పి పెద్దవి కట్టించుకోవాలనుకున్న ధనవంతుని ఉపమానం చెప్పాడు. ఆ హెచ్చరిక వాటా అడిగినవాడికి మాత్రమే తగులుతుందని మనవాళ్లు అనుకుంటారు. వాటా ఇవ్వనివాడికి మరింత గట్టిగా తగులుతుంది.

కూతురికి వాటా అన్నమాట లేఖనంలో ఉందా అని మీ సంఘంలో ఎవరైనా అడుగుతారు. సంఖ్యాకాండం 27వ అధ్యాయం చదివి వినిపించండి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు అక్కచెల్లెళ్లు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడి, మా తండ్రికి కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు మాసిపోవాలి, మాకు స్వాస్థ్యం (వారసత్వపు వాటా) ఇవ్వండి అన్నారు. అంతటి మోషే కూడా అప్పటికప్పుడు తీర్పు చెప్పలేదు. వారి వ్యాజ్యాన్ని యెహోవా సన్నిధికి తీసుకువెళ్లాడు. ‘సెలోపెహాదు కుమార్తెలు చెప్పినది యుక్తము’ అన్నది అక్కడ వచ్చిన జవాబు. దేవునికి వదిలేయడానికీ, దేవుని దగ్గరికి తీసుకువెళ్లడానికీ ఉన్న తేడా ఇదే. వదిలేసినవాడు ఇంటికి వెళ్లి నిద్రపోతాడు, తీసుకువెళ్లినవాడు జవాబుతో తిరిగివచ్చి ఆ అయిదుగురి ముందు నిలబడాలి. నిజాయితీగా చెప్పాలంటే ఆ చట్టం కొడుకులు లేని ఇంటికే వర్తించింది, కొడుకులున్న ఇంట కూతురికి వాటా ఇమ్మని అక్కడ లేదు. అయితే యోబు గ్రంథం చివరి అధ్యాయంలో యోబు తన కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యం ఇచ్చాడని ఉంది. ఏ చట్టమూ బలవంతపెట్టకుండానే, అంతటి శ్రమ అనుభవించి బయటపడిన ఒక తండ్రి చేసిన పని అది.

మన దేశపు చట్టం సంగతి కూడా మీరు తెలుసుకుని కూర్చోవాలి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా చనిపోయిన వ్యక్తి ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు చెందుతాయి. కొడుకు, కూతురు అన్న భేదం అందులో లేదు. మన ప్రాంతంలో చాలామంది విశ్వాసుల ధృవపత్రాల్లో హిందువులని ఉంటుంది, ఏ చట్టం వర్తిస్తుందన్నది అందువల్ల ఒక్కోసారి చిక్కుముడి అవుతుంది. అయినా 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం చూసినా, తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతురికి సమానంగా వాటాలు వస్తాయి. మొదటి లెక్కలో తల్లికి 40 సెంట్లు, పిల్లలు ముగ్గురికీ తలా 26 సెంట్ల పైచిలుకు. రెండో లెక్కలో నలుగురికీ తలా 30 సెంట్లు. ఏ లెక్కలోనూ చెల్లెలి చెయ్యి ఖాళీగా ఉండదు. ఇంకొక సంగతి గమనించారా? మీ ఉత్తరంలో తల్లిగారి ప్రస్తావన, కూతురు ఎవరి దగ్గర ఉంటోందో చెప్పడానికి మాత్రమే వచ్చింది. ఆమెకూ వాటా ఉందన్న ఊసే ఎవరూ ఎత్తినట్టు లేదు. ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టండి.

ఇప్పుడు కోర్టు సంగతి. కొరింథీ పత్రిక 6వ అధ్యాయం ‘అన్యాయము సహించుట మేలు కాదా’ అని అడుగుతున్న మాట నిజమే. అది నష్టపోయినవాడు తనంతట తాను, ప్రభువును చూసి, ఎంచుకోవలసిన దారి. పెద్దలు ఆమె మెడ మీద పెట్టవలసిన కాడి కాదు. పైగా ఆ వెంటనే ఎనిమిదో వచనంలో పౌలు, అన్యాయం చేస్తున్నది మీరే, అపహరిస్తున్నది మీరే, అదీ మీ సహోదరులకే అని అవతలి పక్షం వైపు తిరుగుతాడు. ఏడో వచనాన్ని చెల్లెలికి చదివి ఎనిమిదో వచనాన్ని అన్నలకు చదవని సంఘం వాక్యాన్ని సగానికి కోసినట్టే. పౌలు కోపమంతా, సంఘంలో న్యాయం దొరక్క విశ్వాసి బయటికి వెళ్లవలసి వచ్చిందన్న దాని మీద. సంఘం వినను అని తలుపు వేసి, బయటికి వెళితే సంస్కారం ఆపుతాను అనడం, ఆమెను రెండు వైపులా కట్టివేయడం. అదే పౌలు యెరూషలేములో తనకు న్యాయం జరగదని తెలిసినప్పుడు ‘కైసరు ఎదుటనే చెప్పుకొందును’ అన్నాడు. పైనున్న అధికారం దేవుని పరిచారకుడే అని రోమా 13లో రాసిందీ ఆయనే. కేరళలో మేరీ రాయ్ అనే క్రైస్తవ స్త్రీ వేసిన కేసు గుర్తు చేస్తాను. తిరువాన్కూరు క్రైస్తవుల 1916 నాటి చట్టం ప్రకారం కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది మాత్రమే. 1986లో సుప్రీంకోర్టు వారికి కూడా 1925 చట్టమే వర్తిస్తుందని తేల్చింది. విశ్వాసుల మధ్య దశాబ్దాలుగా దొరకని సమానత్వం ఆ కూతుళ్లకు కోర్టులో దొరికింది. దీన్ని దేవుని తీర్పుకు విరుద్ధమైన మానవ తీర్పు అనడానికి నాకు నోరు రావడం లేదు.

కాబట్టి ఆమె కోర్టుకు వెళ్లడం పాపం కాదు. వెళ్లకముందే మీరు న్యాయంగా తీర్చగలిగితే అందరికీ మేలు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయం ఎంతన్నది చూడకుండా, ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలి. మీకు దగ్గరలోని కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీకి ఆమె దరఖాస్తు పెట్టుకుంటే, రెండు పక్షాలూ ఒప్పుకున్న రాజీని లోక్ అదాలత్‌లో రాయించుకోవచ్చు. దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. గుడిలో కుదిరిన మాటను అక్కడికి తీసుకువెళ్లి రాయిస్తే రేపు ఎవరూ అడ్డం తిరగలేరు.

‘ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడి యుందురో’ అన్న వచనాన్ని మనం ప్రార్థన కూటానికి మనుషులు తక్కువ వచ్చినప్పుడు చెప్పుకుంటాం. మత్తయి 18వ అధ్యాయం మొదటి నుంచి చదివితే అది తగవు తీర్చే సందర్భంలో వచ్చిన మాట. ముందు ఒంటరిగా అడుగు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు అన్న తరువాత, అలా కూడినవారి మధ్య నేనుంటాను అన్నాడు. మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఆయన లేని చోట కూర్చోవడం లేదు. నాకు ఇందులో ధైర్యమూ ఉంది, భయమూ ఉంది. మన మధ్య ఉన్నవాడు ఒకప్పుడు అబద్ధ సాక్ష్యాల మీద మనుషుల చేత శిక్ష పొందినవాడు. తప్పుడు తీర్పు ఎలా ఉంటుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ప్రమాణాన్ని ఒప్పుకోవద్దు. నిర్గమకాండం 22వ అధ్యాయంలో, సాక్షులు లేని చోట యెహోవా పేరు మీద ప్రమాణంతో తగవు తీర్చే పద్ధతి ఉన్నమాట నిజం. అక్కడి సంగతి పొరుగువాడికి అప్పగించిన పశువు ఎవరూ చూడకుండా చచ్చినప్పుడు, దాన్ని ఎవరైనా తోలుకుపోయినప్పుడు ఏమి చేయాలన్నది. వేరే దారి ఉన్నప్పుడు ప్రమాణంతో తప్పించుకోమని కాదు. మీ తగవులో వేరే దారి ఉంది. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. వీలునామాకైనా రాత, సంతకం, ఇద్దరు సాక్షులు కావాలి. ‘ఇద్దరు సాక్షుల మాటమీదనైనను ముగ్గురు సాక్షుల మాటమీదనైనను ప్రతి సంగతి స్థిరపరచబడును’ అన్న ద్వితీయోపదేశకాండపు నియమం, మన రిజిస్ట్రారు కార్యాలయంలోనూ ఆ రూపంలో బతికే ఉంది. తండ్రి నోటిమాటగా ఇచ్చారన్నది నిజమే అయినా అది చట్టం ముందు నిలవదు. నిలవని మాటకు బైబిలును సాక్ష్యం పెట్టించడం, ఆ సహోదరుడిని ప్రమాదంలోకి నెట్టడం. ఆయన చెప్పేది అబద్ధమైతే మన చేతులతోనే ఆయన చేత అబద్ధ ప్రమాణం చేయించినవాళ్లం అవుతాం. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ప్రభువు చెప్పింది ఇలాంటి చోటుకే. తండ్రి అన్న మాటను ఆయన కోరికగా కుటుంబం మధ్య వినండి, వాటాగా లెక్కపెట్టకండి.

వినేటప్పుడు అందరినీ ఒకే చోట, ఒకరి ముందర ఒకరిని వినండి. వాది పక్షం న్యాయంగానే కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక గాని సంగతి తేటపడదు అని సామెతలు 18వ అధ్యాయం చెబుతుంది. ఈ మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. చాలా ఏళ్ల కిందట ఒక లంక భూమి తగవులో నేనూ పెద్దమనిషిగా కూర్చున్నాను. గోదావరి ఒక ఒడ్డు కోసి ఇంకొక ఒడ్డున మేట వేసిన నేల అది. ఇద్దరిలో ఒకరు నాకు బాగా తెలిసిన మనిషి. ముందు రోజు రాత్రి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన తన గోడంతా చెప్పుకున్నాడు. మర్నాడు రెండో మనిషి మాట్లాడుతున్నంతసేపూ నా మనసులో తీర్పు అప్పటికే రాసి ఉంది, నేను కేవలం ఆయన మాట ముగిసేదాకా కాచుకుని కూర్చున్నాను. ఏడాది తరువాత ఆ రెండో మనిషి పక్షాన పాత శిస్తు రశీదులు బయటపడ్డాయి. అప్పటికి ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్లిపోయింది. నేను వెళ్లి వెతికి క్షమాపణ అడిగాను, ఆయన క్షమించాడు, ఆ నేల మాత్రం ఆయనకు తిరిగి రాలేదు. మీ ఇంటి అరుగు మీద ఎవరి మాటా వినకండి.

చెల్లెలు వితంతువు కాబట్టి ఆమెనే గెలిపించండి అని కూడా నేను చెప్పడం లేదు. బీదవాడని పక్షపాతం చూపకూడదు, గొప్పవాడని అభిమానం చూపకూడదు అని లేవీయకాండం 19వ అధ్యాయం ఒకే వాక్యంలో రెంటినీ కట్టివేసింది. తండ్రికి అప్పులున్నాయా, వాటిని ఎవరు తీర్చారు, ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడగండి. పంపకానికి ముందు తీసివేయవలసిన లెక్కలు అవి. చిన్నకొడుకు సొంత డబ్బు పెట్టి అప్పు తీర్చి ఉంటే అతనికి రావలసినది రావాలి. కట్నం ఇచ్చి పెళ్లి చేశాం గనుక వాటా లేదు అన్న వాదన తప్పకుండా వస్తుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన వారసత్వపు హక్కు పోతుందని పైన చెప్పిన ఏ చట్టంలోనూ లేదు. రెండేళ్ల దింపు డబ్బు సంగతి కూడా తేల్చండి, చాలామంది పెద్దలు భూమిని పంచి ఫలసాయాన్ని మరచిపోతారు.

ఇక శ్లాబు. మీరు ఉత్తరంలో దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసినా, మీ సంఘపు గొంతు పట్టుకున్నది అదేనని నాకు తోస్తోంది. నాబోతు ద్రాక్షతోట కథను ఈ కన్నుతో మళ్లీ చదవండి. రాణి యెజెబెలు ఒక్కర్తే ఆ నేరం చేయలేదు. ఆమె రాసిన ఉత్తరాలు యెజ్రెయేలు పెద్దలకు, సామంతులకు అందాయి. వారు ఉపవాసం చాటించారు, నాబోతును జనం ఎదుట నిలబెట్టారు, ధర్మశాస్త్రం అడిగినట్టే ఇద్దరు సాక్షులను తెచ్చారు. పద్ధతిలో లోపం లేదు, కంచే చేను మేసింది. రాజుకు ఎదురు చెప్పలేని పెద్దలు, పిత్రార్జితం అమ్మనన్న ఒక పొరుగువాడిని రాళ్లతో కొట్టించారు. ఆ తీర్పును తిరగరాయడానికి ప్రవక్త ఏలీయా రావలసి వచ్చింది, అప్పటికి నాబోతు లేడు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని కింద కూర్చోమంటే మీరు దురాలోచనతో తీర్పు తీర్చినవారయ్యారు కదా అని యాకోబు అడుగుతాడు. ఆయన గద్దించింది ఏ కచేరీలోని న్యాయాధిపతినో కాదు, కూడికలో కుర్చీలు చూపించేవారిని. శ్లాబుకు ఇచ్చిన కానుక దేవునికి ఇచ్చినదైతే దాని లెక్క దేవుని దగ్గర ఉంది. తోట తగవులో దాని ప్రస్తావన ఎవరి నోటా రాకూడదని మొదటి రోజే అందరి ముందూ చెప్పండి. ఆ శ్లాబు కిందనే కూర్చోవడం కన్నా తల్లిగారి ఇంటి వాకిట్లో కూర్చోవడం మేలని నా అభిప్రాయం.

చివరిగా ఆ చక్కెరకేళి గెల. మీరు దాన్ని ఉత్తరం చివర రాశారు గాని, రాయకుండా ఉండలేకపోయారు, మీ మనస్సాక్షి మేలుకునే ఉంది. లంచం చూపున్నవాడికి గుడ్డితనం కలిగిస్తుందని నిర్గమకాండం 23వ అధ్యాయం చెబుతుంది. అది లంచమని మీరు అనుకోకపోవచ్చు, పంపినవారూ అనుకోకపోవచ్చు. పండుగకు పళ్లు పంపుకోవడం మన ఊళ్లలో మామూలే. అయినా పండుగ అయిపోయింది, పళ్లు పిల్లలు తినేసి ఉంటారు, తిప్పి పంపడానికి లేదు. ఆ గెల ఖరీదు ఎంతో రావులపాలెం మార్కెట్టుకు వెళ్లే ఎవరినైనా కనుక్కుని, ఆ డబ్బు కవరులో పెట్టి, కూర్చున్న మొదటి రోజే ఆ చెల్లెలి ఎదుట, తల్లి ఎదుట, తమ్ముడి ఎదుట, పెద్దకొడుకు చేతికి ఇవ్వండి. ఎందుకు ఇస్తున్నారో కూడా చెప్పండి. ఆ తరువాత మాట్లాడడం మొదలుపెట్టండి.